పదమూడు రూపాయల అప్‌డేట్

ఫోన్లో డబ్బు కాజేసే దొంగను ఏడిపించిన మొనగాడు ఈ ఏలూరులో ఎవడైనా ఉన్నాడంటే అది నేనే. దెందులూరులో మొదలుపెట్టి ఉంగుటూరు దాకా, రైల్లో కిటికీ పక్కన కూర్చుని, వాణ్ణి ఫోన్లోనే పిండి ఆరేశాను. వాడు ఓటీపీ అడిగితే నేను వాళ్లమ్మ పేరు అడిగాను. వాడు కార్డు మీద అంకెలు చెప్పమంటే పంతొమ్మిదో ఎక్కం అప్పజెప్పాను. చివరికి వాడు "బుద్ధొచ్చింది బాబాయ్ గారూ, ఇంకెప్పుడూ ఈ పని చెయ్యనండీ" అని భోరుమన్నాడు. పెట్టెలో ఉన్న నలభై మందీ చప్పట్లు కొట్టారు. భీమడోలులో ఎక్కిన జామకాయలావిడ డబ్బు పుచ్చుకోకుండా రెండు దోరకాయలు నా చేతిలో పెట్టింది.

ఈ కథ ముప్పై చోట్ల చెప్పి ఉంటాను. చెప్పినకొద్దీ పెట్టెలో జనం పెరిగారు, జామకాయలు అరడజను అయ్యాయి. ముప్పై అన్నది కూడా ఎక్కువే, ఏడెనిమిది చోట్ల అనుకోండి. మొదటిసారి చెప్పింది మాత్రం ఆ రోజే, తాడేపల్లిగూడెంలో, పెన్షనర్ల సంఘం హాల్లో, మైకు ముందు నిలబడి.

జరిగినదాంట్లో రైలు ఉంది, ఫోను ఉంది, ఏడుపూ ఉంది. ఏడ్చింది వాడు కాదు. జామకాయలు నేను కొనుక్కున్నవే, అవీ బేరమాడి.

నేను ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో క్యాషియరుగా చేశాను. దొంగనోటు కట్ట మధ్యలో ఉన్నా నా బొటనవేలు అక్కడ ఆగేది. ఇది కోత కాదు, నిజం. ఆ పేరుతోనే రిటైరయ్యాక నన్ను సభలకు పిలవడం మొదలుపెట్టారు. ఫోన్లో జరిగే మోసాల గురించి ముసలివాళ్లకు నాలుగు మంచి మాటలు చెప్పమనేవారు. చెప్పేవాణ్ణి. శాలువా కప్పేవారు. మా ఇంట్లో బీరువా కింది అర నిండా శాలువాలే.

నాకు ఒక్కతే చెల్లెలు. మండవల్లి దగ్గర, కొల్లేరు అంచున, ఎకరన్నర రొయ్యల చెరువు ఉంది తనకు. మా బావగారు పోయినప్పుడు చుట్టాలందరూ చెరువు లీజుకిచ్చేసి ఇంట్లో కూర్చోమన్నారు. తను వినలేదు. పొద్దున్నే లేచి గట్టు మీద తిరగడం, నీటి రంగు చూడడం, మేత లెక్కన చల్లించడం అన్నీ తనే నేర్చుకుంది. నేను చేసిన సాయం ఒక్కటే. తన పేర బ్యాంకు ఖాతా తెరిపించాను. దరఖాస్తు నేనే నింపాను. ఫోను నంబరు రాయాల్సిన చోట నా నంబరు రాశాను.

అప్పుడు తను పక్కనే ఉంది. "నా నంబరు రాయకూడదా అన్నయ్యా?" అంది.

"నీకెందుకమ్మా ఈ గొడవ? ఎవడో ఫోన్ చేసి మాయమాటలు చెబితే నువ్వు ఇచ్చేస్తావు. నా దగ్గరైతే భయం లేదు" అన్నాను.

కౌంటర్లో అమ్మాయి నా వంక గౌరవంగా చూసింది. కార్డు వస్తే అది కూడా నా పర్సులోనే పెట్టుకున్నాను. మా ఇళ్లల్లో చదువుకున్న అన్నగారు ఉంటే కాగితాలన్నీ ఆయన దగ్గరే ఉంటాయి. కరెంటు సర్వీసు కాగితం మీదా నా నంబరే. అడిగినవాళ్లూ లేరు, అడగమన్నవాళ్లూ లేరు.

ఆ శుక్రవారం ముసురు. నేను గూడెం సభకని ఏలూరులో ప్యాసింజరు ఎక్కాను. రైలు దెందులూరు దాటుతుండగా మెసేజ్ వచ్చింది. మీ కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ సాయంత్రం కనెక్షను తీసేస్తాం, వెంటనే ఈ అధికారికి ఫోన్ చేయండి అని.

సభలో ఈ మెసేజ్ గురించి నేనే చెబుతాను. జేబులో మడిచి పెట్టుకున్న కాగితంలో మూడో అంశం ఇదే. అయినా చెయ్యి ఆగలేదు. ఎందుకంటే కిటికీలోంచి చూస్తే ఆకాశం బూడిద రంగులో ఉంది. ఎండ లేని రోజున చెరువులో ప్రాణవాయువు తగ్గిపోతుంది. నీళ్లను చిలికే ఏరేటర్లు తిరగకపోతే రొయ్య తెల్లారేసరికి గట్టుకి వచ్చి పడుతుంది. కరెంటు పోతే చెల్లెలి చెరువు ఒక్క రాత్రిలో ఖాళీ. అంతే, ఆ నంబరుకు ఫోన్ చేశాను.

"నమస్కారమండి. కరెంటాఫీసండి. చెప్పండి సార్" అన్నాడు. ఎంత మెత్తటి గొంతు! మన పక్కవాళ్లే అన్నట్టు మాటకో అండీ.

"బాబూ, మాది రొయ్యల చెరువు సర్వీసు. ఇవాళ తీసేస్తామంటే ఎలా?" అన్నాను. వాడికి తెలియని సంగతి నేనే చేతికందించాను.

"అయ్యయ్యో, రొయ్యలాండీ? ఈ ముసురులో కరెంటు పోతే ఇంకేమన్నా ఉందాండీ! ఉండండి సార్, నేను ఆపుతాను. మీ పెద్దరికానికి ఆ మాత్రం చెయ్యకపోతే ఎలాగండీ. ఒక లింకు పంపుతున్నాను, యాప్ ఎక్కించుకుని పదమూడు రూపాయలు కట్టెయ్యండి. అప్‌డేట్ అయిపోద్ది."

భీమడోలు వచ్చింది. యాప్ ఎక్కింది. కార్డు నంబరు, వెనకాల ఉండే మూడంకెలు, పిన్ను అడిగింది. నా పర్సులో రెండు కార్డులున్నాయి, ఒకటి నాది, ఒకటి చెల్లెలిది.

ఈ ముక్క ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. నా కార్డు సగం పైకి లాగి మళ్లీ లోపలికి తోశాను. చెరువు తనది, బిల్లు తనది, పదమూడు రూపాయలు నా జేబులోంచి ఎందుకు పోవాలి అనుకున్నాను. పదమూడు రూపాయలు. నా కార్డు వాడి ఉంటే పోయేది నా డబ్బు. జామకాయల దగ్గర ఐదు రూపాయలు తగ్గించుకున్న చేత్తోనే చెల్లెలి కార్డు తీసి, అంకెలన్నీ ఒక్కటి కూడా తప్పు పోకుండా కొట్టాను. ముప్పై నాలుగేళ్ల అలవాటు మరి.

"అయిపోయింది సార్. ఫోను ఒక అరగంట ముట్టుకోకండి, అప్‌డేట్ అవుతుంటది" అన్నాడు.

ముట్టుకోలేదు కూడా. ఉంగుటూరు దగ్గర జేబులో మూడుసార్లు కీచుమంది. తీసి చూశాను. మూడు మెసేజులు, మూడూ బ్యాంకువి. మొత్తం రెండు లక్షల ఎనభై వేలు. ఖాతాలో మిగిలింది నాలుగు వందల చిల్లర.

ఆ నంబరుకు మళ్లీ చేశాను, స్విచాఫ్. ఎదుటి సీట్లో పెద్దాయన వంగి, "ఏవైందండీ, అలా అయిపోయారేంటి?" అన్నారు.

"ఏం లేదండీ. మనవరాలి ఫొటోలు పంపించారు" అన్నాను.

అప్పటికి డబ్బు పోయి పది నిమిషాలు కాలేదు. సైబర్ హెల్ప్‌లైనుకు ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. ఆ నంబరు నా దగ్గర లేక కాదు. నా కాగితంలో మొదటి అంశం అదే, ఎర్ర సిరాతో గీత కూడా గీసుకున్నాను. కానీ పెట్టెలో అందరూ వినేలా "నేను మోసపోయానండీ" అని చెప్పాలి. గూడెంలో దిగాక చేద్దాం అనుకున్నాను. దిగితే ప్లాట్‌ఫారం మీద సంఘం కార్యదర్శి పూలగుత్తితో నిలబడి ఉన్నారు. నేను ఫోను ఆపేసి జేబులో పెట్టుకుని, పూలగుత్తి అందుకున్నాను.

సభలో నా కాగితం నేను చదివాను. ఎవరో పంపిన యాప్ ఎక్కించుకోవద్దు, పిన్ను ఎవరికీ చెప్పొద్దు, తొందరపెట్టేవాణ్ణి నమ్మొద్దు, అనుమానం వస్తే బిల్లు మీద అచ్చువేసిన నంబరుకే చేయండి, పొరపాటున పోతే మొదటి గంటలోనే ఫిర్యాదు చేయండి. గొంతు ఎక్కడా వణకలేదు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

రెండో వరసలో ఒకావిడ లేచారు. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యారట. "ఏవండీ, మోసపోయినవాళ్లు వెంటనే ఎందుకు చెప్పరండీ?" అని అడిగారు.

"తెలివితక్కువతనమమ్మా" అన్నాను. హాలంతా నవ్వింది.

ఆవిడ నవ్వలేదు. "తెలివితక్కువ కాదండి, సిగ్గండి. మా ఆయన ఆర్నెల్లు చెప్పలేదండి నాకు. చెప్పేసరికి చిక్కి సగమైపోయారండి" అని కూర్చున్నారు.

హాలు నిశ్శబ్దమైపోయింది. అది నాకు దొరికిన తలుపు. "అమ్మా, నాకూ ఇవాళే జరిగింది" అంటే సరిపోయేది. ఆ నిశ్శబ్దాన్ని భరించలేక, దాన్ని చెదరగొట్టడానికి, "ఇవాళ పొద్దున్నే రైల్లో నాకొక దొంగ తగిలాడండీ" అని మొదలుపెట్టాను. ఎక్కం, వాళ్లమ్మ పేరు, ఏడుపు అన్నీ అక్కడికక్కడే పుట్టాయి. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. పులిహోరతో భోజనం పెడితే రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

శనివారం చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నయ్యా, సోమవారానికి మేత బస్తాలు దింపమన్నాను. డీలరుకి డబ్బు కొట్టెయ్. ఈసారి అరువు ఇవ్వనన్నాడు."

"బ్యాంకు సర్వరు పనిచెయ్యట్లేదమ్మా" అన్నాను.

"ఎప్పటికి పనిచేస్తుందంట?"

"చెప్పలేం."

"రొయ్యలకి చెప్పలేంగా అన్నయ్యా సర్వరు లేదని. నాలుగు పూటలా తింటాయి అవి" అని నవ్వింది. తను నవ్వేసరికి నేనూ నవ్వాను.

రొయ్యల సంగతి తెలియనివాళ్లకు ఒక్క మాట చెప్పాలి. కిలోకు ఎన్ని తూగితే దాన్ని కౌంటు అంటారు. వంద తూగితే చిన్న రొయ్య, ధర తక్కువ. యాభై తూగితే పెద్ద రొయ్య, మంచి ధర. చెల్లెలి చెరువులో అప్పటికి వంద దగ్గరగా ఉన్నాయి. ఇంకో నెల కడుపునిండా మేత పెడితే అరవైకి వచ్చేవి. ఆ నెల మేతకు దాచుకున్న డబ్బే నేను పోగొట్టింది.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, చర్చిలో ప్రభువు బల్ల ఇచ్చే రోజు. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి వరసలోవాళ్లందరూ లేచారు. మా ఆవిడ లేచింది. నేను లేవలేదు. నలభై ఏళ్లుగా జ్వరంతో ఉన్నా బల్ల తప్పనివాణ్ణి. మనసులో ఒకరికి చేసిన ద్రోహం పెట్టుకుని ఆ రొట్టె ముట్టకూడదని చిన్నప్పుడు మా అమ్మ చెప్పిన మాట కాళ్లకు అడ్డం పడింది. వెనక వరసవాళ్లు నా మోకాళ్లను దాటుకుంటూ వెళ్లారు.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మా ఆవిడ అడిగింది. "ఏవండీ, ఏం చేశారు?"

"ఏం చెయ్యలేదే."

"బల్ల దగ్గరికి రాలేదు. ఏం చేశారు?"

చెప్పాను. పదమూడు రూపాయల ముక్క తప్ప అన్నీ చెప్పాను. అప్పుడే ఏడ్చాను, వంటింటి గడపలో కూర్చుని. తను నన్ను ఓదార్చలేదు. నా ఫోను తీసి చేతిలో పెట్టి, "ముందు ఆ నంబరుకి చెయ్యండి. ఏడుపు తర్వాత" అంది.

హెల్ప్‌లైన్లో ఒక అమ్మాయి ఎత్తింది. అన్నీ రాసుకుంది. "ఎప్పుడు జరిగింది సార్?"

"శుక్రవారం పొద్దున్న."

"ఇవాళ ఆదివారం సార్. అప్పుడే చేసి ఉంటే ఆపడానికి వీలయ్యేది. ఇప్పటికి నాలుగైదు ఖాతాలు మారిపోయి ఉంటుంది. అంతసేపు ఎందుకు ఆగారు సార్?"

మీటింగులో ఉన్నానమ్మా అన్నాను. ఏ మీటింగో చెప్పలేదు. చివరకు ఏదో ఒక ఖాతాలో ఆగి దొరికింది పంతొమ్మిది వేలు. మా ఇంట్లో ఉన్నదంతా ఊడిస్తే తొంభై వేలు తేలింది. ముందటేడే మేడ మీద గదులు వేయించాం, మిగతాది అక్కడ సిమెంటై కూర్చుంది. చెల్లెలి బాకీ నెలనెలా నా పెన్షనులోంచి తీరుస్తున్నాను గాని, రొయ్య పెన్షను వచ్చేదాకా ఆగదు కదా.

మంగళవారం మొదటి బస్సుకు బయలుదేరాను. కొల్లేరు వంతెన మీద గాలి కొడుతుంటే, ఏం చెప్పాలో రెండుసార్లు మనసులోనే వల్లెవేసుకున్నాను. కైకలూరులో దిగి, ఆటో మాట్లాడుకుని, మండవల్లి దాటి చెరువు దగ్గరకు వెళ్లాను. చెల్లెలు గట్టు మీద ఉంది. మేత తిన్నాయో లేదో చూసే వల పళ్లెం పైకి లాగుతోంది. పళ్లెం ఖాళీగా వచ్చింది. "చూడన్నయ్యా, ఎంత ఆకలిగా ఉన్నాయో" అంది.

నేను అక్కడే, ఆ బురదలోనే నిలబడి అన్నీ చెప్పేశాను.

తను విన్నది. "కరెంటు బిల్లు నేను బుధవారమే కట్టేశాను కదన్నయ్యా, నా పొదుపు సంఘం ఖాతాలోంచి, నా ఫోన్లోనే. నాకు ఒక్క ఫోన్ చేసుంటే చెప్పేదాన్ని" అంది. పళ్లెం దులుపుతూ, "కరెంటు పోతే మాత్రం ఏం? జనరేటరు ఉంది. మీ బావగారు ఉన్నప్పుడు కొన్నదే" అంది.

చెరువు ఎలా నడుస్తుందో నేను తనని ఎప్పుడూ అడగలేదు. తన ఫోన్లో డబ్బు కట్టడం తనకు వచ్చని కూడా నాకు తెలియదు.

తర్వాత పళ్లెం మళ్లీ నీళ్లలోకి దింపి, "పోనీలే, ఇంత దూరం వచ్చి నీ నోటితో నువ్వే చెప్పావు. అది చాలు" అంది.

ఆ పై వారం రొయ్యలు పట్టేశారు. మేమిచ్చిన తొంభై వేల మేత నెలకు చాలదు, సగం కడుపుతో ఉంచితే జబ్బు పట్టుకుంటుందని తనే అంది. నేను వెళ్లాను. లాగుడువల లాగుతుంటే చిన్న రొయ్యలు జల్లుగా ఎగిరిపడుతున్నాయి. కొనే వ్యాపారి గుమస్తా గుప్పెడు తీసి, కిలో తూచి, ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. తొంభై రెండు.

"ఇంకో నెల ఉంచాల్సిందమ్మా. ఏం తొందరొచ్చింది?" అన్నాడు.

చెల్లెలు నా వైపు చూడలేదు. "తొందరొచ్చిందిలే" అంది. మంచు పెట్టెలు లారీలోకి ఎక్కించేదాకా నేను ఎవరికీ అడ్డం రాకుండా ఒక పక్కన నిలబడ్డాను. సాయంత్రానికి ఏరేటర్లు ఆపేశారు. ఆ చెరువు అంత చప్పుడు లేకుండా ఉండడం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు తన ఖాతాకు తన నంబరే ఉంది. కార్డు తన దగ్గరే ఉంది. నాకు ఏ మెసేజ్ వచ్చినా ముందు తనకి చదివి వినిపిస్తాను. "తీసేసెయ్ అన్నయ్యా" అంటుంది. తీసేస్తాను.

ఈ మధ్య గూడెం నుంచి ఆ కార్యదర్శి మళ్లీ ఫోన్ చేశారు. సంఘం వాళ్లు చిన్న పుస్తకం వేస్తున్నారట. "ఆ రైల్లో దొంగను ఏడిపించిన కథ రాసివ్వండి మాస్టారూ, మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటున్నారండి" అన్నారు. కూర్చుని ఇది రాశాను. పంపేముందు చెల్లెలికి చదివి వినిపించడం న్యాయమని, నిన్న తను ఏలూరు వస్తే, పదమూడు రూపాయల ముక్కతో సహా మొదటి నుంచి చివరి దాకా చదివాను. మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి వింది. పదమూడు రూపాయల దగ్గర ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

చదవడం అయ్యాక చెల్లెలు అంది:

"మంగళవారం నువ్వు చెరువు దగ్గరికెక్కడొచ్చావన్నయ్యా? కైకలూరులో టీ తాగి తిరుగు బస్సెక్కేశావంట, వదిన చెప్పింది. వచ్చింది నేను, బుధవారం. పాసుబుక్కు ప్రింటు కొట్టించుకుని మీ వరండాలో నిలబడ్డాను. అప్పుడు కూడా సర్వరే అన్నావు. నిజం చెప్పింది వదిన. బిల్లు మాట, జనరేటరు మాట నేనన్నవే. 'అది చాలు' అని మాత్రం నేననలేదు."